చిన్నకోడలి తీర్మానం

ఆ ఇంట్లో చిన్నకోడలి గది గది కాదు, దారి. హాల్లోంచి వెనక బాత్‌రూముకు పోవాలంటే ఆ గదిలోంచే పోవాలి. అటూ ఇటూ రెండు తలుపులున్నాయి గానీ, ఏది గడియ వేసినా ఎవరో ఒకరు అవతల చిక్కుకుపోతారు. పెళ్ళైన కొత్తలో ఆమె తెలియక ఒకసారి గడియ వేసింది. మామగారు వెనకాల ఉండిపోయి, “ఒరేయ్, నేనింకా బతికే ఉన్నానురా!” అని కేకలు పెట్టారు. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ ముచ్చట చెప్పుకుని ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. గడియ జోలికి మాత్రం మళ్ళీ పోలేదు.

మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకోవాలంటే మోటార్‌సైకిలే దిక్కు. పొద్దున్న అతను ఆమెను పనిదగ్గర దింపి తన పనికి పోతాడు. ఆ కాసేపట్లోనే ఆమె వెనక కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పాలి. సగం మాటలు గాలికి పోతాయి. మిగిలిన సగం అతని హెల్మెట్టు మింగేస్తుంది.

ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనంలో పన్ను పక్కన పన్ను పేర్చి, మనిషి మనిషికీ చిగుళ్ళ రంగు కలిపి, అరిగేదాకా అరగదీసి నునుపు చేస్తుంది. ఆమె చెయ్యి పడిన సెట్టును ఏ డాక్టరూ వెనక్కి పంపడు. అందుకే ల్యాబు యజమాని ఇంకో ఊళ్ళో కొత్త ల్యాబు తెరుస్తూ ఆమెను పిలిచి, “అక్కడంతా నువ్వే చూసుకోవాలమ్మా. మేడమీద రెండు గదులున్నాయి, కాపురం అక్కడే పెట్టుకోవచ్చు,” అన్నాడు. ఆ తర్వాత ఆయన చాలా చెప్పాడు. ఆమె మాత్రం రెండు గదుల దగ్గరే ఆగిపోయింది.

భర్తకు చెబితే అతనూ సంతోషించాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. మేడలున్న ప్రతి ఊళ్ళోనూ అతనికి పని దొరుకుతుంది. చిక్కల్లా మామగారికి చెప్పడమే.

మామగారు సరుకుల గిడ్డంగిలో పెద్ద స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో బీరువా తాళాలు ఇప్పటికీ ఆయన మొలనే ఉంటాయి. ఒక ఇంటికి ఒకే పొయ్యి ఉండాలన్నది ఆయన మాట. రెండో పొయ్యి వెలిగిన ఇంట్లో ముందు పొగ, తర్వాత పగ అంటారు. అలాగని చెడ్డమనిషి కాదు. కోడళ్ళను పల్లెత్తు మాటనరు. చిన్నకోడలికి జ్వరమొస్తే మందులషాపుకు తానే నడిచి వెళ్తారు. అలాంటి మనిషితో గొడవ పెట్టుకోవడం మరీ కష్టం.

“సమయం చూసి చెప్తా,” అన్నాడు భర్త. నెల గడిచింది. ఇంకో నెల గడిచింది. ఆ సమయమేదో ఏ గడియారంలోనూ రాలేదు. చివరికి ల్యాబు యజమాని, “సోమవారం లోపు చెప్పమ్మా, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటా,” అన్నాడు.

ఆ శుక్రవారమే మామగారు పేపర్లో చదివారు. పాత శాసనసభ భవనాన్ని బాగుచేసి పార్కు చేశారట. సభ ఊరి బయట కొత్త భవనానికి మారిపోయాక ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న చోటు అది. “రేపు అందరం పోదాం,” అన్నారు. ఆయన అన్నాక ఇక అంతే.

మర్నాడు బయల్దేరేముందు భర్త ఆమె చెవిలో, “అక్కడ చెప్తా. బయటికెళ్తే నాన్న కాస్త మెత్తబడతాడు,” అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే చేసేదేముంది?

ఆరుగురు పెద్దవాళ్ళు, చిన్నకోడలి పదేళ్ళ పాప, నాలుగు భోజనం డబ్బాలతో బస్సు దిగారు. ఒకప్పుడు పోలీసులు నిలబడే చోట ఇప్పుడు పూలకుండీలు పెట్టారు. మామగారు గేటు దగ్గర ఆగిపోయారు. ఇనుప ఊచల్ని చేత్తో తడిమి చూశారు. వయసులో ఉన్నప్పుడు గిడ్డంగివాళ్ళంతా సమ్మె చేసి అర్జీ పట్టుకుని ఇక్కడికొచ్చారు. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఈ ఊచల బయటే ఎండలో నిలబెట్టారు గానీ, ఒక్కణ్ణీ లోపలికి రానివ్వలేదు.

“ఇప్పుడు చూడు, రండి రండి అంటున్నారు,” అన్నారు ఆయన. నవ్వారు గానీ కళ్ళు చెమ్మగిల్లాయి.

లోపల పచ్చిక, ఫౌంటెన్లు, చీపురుతో ఊడ్చినట్టు శుభ్రమైన బాటలు. సభ్యుల కార్లు ఆగే చోట ఉయ్యాలలు వేశారు. సభ్యుల క్యాంటీను ఐస్‌క్రీం కొట్టయింది. మామగారు కనిపించిన ప్రతి బోర్డునూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదువుతూ నడిచారు. ఆయన వెనక అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ, ఆవిడ వెనక బావగారూ తోడికోడలూ ఫోటోలు తీసుకుంటూ నడిచారు.

చెట్టు కింద బెంచీ మీద మామగారు ఒంటరిగా కూర్చున్నారు. చిన్నకోడలు భర్త మోచేతిని పొడిచింది. అతను గొంతు సవరించుకుని తండ్రి దగ్గరికి వెళ్ళాడు. పక్కన కూర్చున్నాడు. ఏదో అన్నాడు. ఆయన తలూపారు. అతను లేచి ఐస్‌క్రీం కొట్టు వైపు నడిచాడు. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని చేతుల నిండా ఐస్‌క్రీములు తెచ్చాడు.

“నీకేది కావాలి?” అన్నాడు ఆమె దగ్గరికొచ్చి.

“చెప్పారా?”

“ఇప్పుడే ఎలా చెప్తాం? ముందు సభ చూడనీ, ఆయన ఆత్రమంతా అక్కడే ఉంది. బయటికొచ్చాక చెప్తా.”

ఆమె చేతిలో ఐస్‌క్రీం కరిగి మణికట్టు దాకా కారింది. చప్పరించబుద్ధి కాలేదు.

సభామందిరం గుండ్రంగా, ఎత్తుగా ఉంది. కిటికీలు లేవు. ఎర్ర తివాచీ మీద మెట్లు మెట్లుగా కుర్చీలు, ఎదురుగా గద్దెలాంటి స్పీకరు కుర్చీ, దాని పైన గోడకు పెద్ద బల్బుల బోర్డు. ఆకుపచ్చ కోటు వేసుకున్న గైడమ్మాయి వాళ్ళను కూర్చోబెట్టింది. వచ్చిన వాళ్ళతో సరదాగా సభ జరిపిస్తారట. ప్రతి కుర్చీకీ మైకుంది, మూడు బొత్తాలున్నాయి. ఒప్పుకుంటే పచ్చ, ఒప్పుకోకపోతే ఎరుపు, ఎటూ కాకపోతే పసుపు. నొక్కగానే ఆ కుర్చీ నంబరు బోర్డు మీద ఆ రంగులో వెలుగుతుంది.

“స్పీకరుగా ఎవరు కూర్చుంటారు?” అని గైడు అడగడమే ఆలస్యం, అందరూ మామగారి వైపు చూశారు. ఆయన వద్దు వద్దంటూనే మెట్లెక్కేశారు. ఆ కుర్చీలో కూర్చుని రెండు చేతులూ రెండు పక్కలా పెట్టుకున్నాక ఆయన మొహంలో వచ్చిన వెలుగు చిన్నకోడలు ఎన్నడూ చూడలేదు. చిన్నపిల్లలకు ఓటు లేదు కాబట్టి పాపకు మార్షల్ పని ఇచ్చారు. వెండిరంగు కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

“ఓటు వేసేముందు గంట మోగుతుంది,” అంది గైడు. “గంట ఆగాక తలుపులు మూసేస్తారు. ఓటు అయ్యేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మార్షల్ గారూ, మూసేయండి.”

పాప బరువైన తలుపుల్ని భుజంతో నెట్టి మూసింది. బయట ఫౌంటెన్ల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

మొదట బావగారు లేచారు. “అధ్యక్షా!” అని ఒక్క అరుపు అరిచేసరికి అందరూ ఘొల్లుమన్నారు. “అధ్యక్షా! అధ్యక్షులవారి గురక వల్ల హాల్లో గడియారం కూడా నడవడం మానేసింది. అధ్యక్షులవారి మంచాన్ని వసారాలోకి మార్చాలని ఈ సభను కోరుతున్నా!”

గంట మోగింది. బోర్డు మీద అన్నీ పచ్చలే. మామగారు సుత్తి కొట్టి, “సభ్యుడి మాటల్ని రికార్డుల నుంచి తొలగిస్తున్నాం. కూర్చోరా వెధవా,” అన్నారు. గైడు కూడా నవ్వాపుకోలేకపోయింది.

“ఇంకెవరైనా?” అని అడిగింది.

చిన్నకోడలు భర్త వైపు చూసింది. ఇంతకంటే మంచి సమయం దొరకదు. అందరూ నవ్వుతున్నారు, మామగారి మనసు వెన్నలా ఉంది. అతను తల దించుకుని బొత్తాల కింద తీగ ఎటు పోతుందో వేలితో వెతుకుతున్నాడు.

లేవాలని ఆమె అనుకోలేదు. కాళ్ళే లేచాయి.

“అధ్యక్షా,” అంది. పైకప్పులోని స్పీకర్లలోంచి తన గొంతే తన మీదికి దిగొచ్చేసరికి ఉలిక్కిపడింది. “ఒక మనవి. నాకు వేరే ఊళ్ళో పనొచ్చింది. కొత్త ల్యాబు. అదంతా నేనే చూసుకోవాలట. ఉండటానికి రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారు. నేనూ, ఆయనా, పాపా అక్కడికెళ్ళి ఉండటానికి... సభ ఒప్పుకోవాలి.”

తోడికోడలు ముందు నవ్వింది. తర్వాత ఆమె మొహం చూసి ఆపేసింది.

“నేను రాను,” అంది పాప తలుపు దగ్గర్నుంచి. “మా స్కూలు ఇక్కడుంది.”

“మార్షల్ మాట్లాడకూడదు,” అంది గైడు నవ్వుతూ. ఆ గైడమ్మాయికేం తెలుసు, ఇది కూడా ఆటే అనుకుంది. గంట నొక్కేసింది.

ఆ గంట చాలాసేపు మోగినట్టనిపించింది. మూసిన తలుపుల వైపు చూసింది చిన్నకోడలు. అన్న మాట వెనక్కి తీసుకోవాలన్నా, తోసుకుని బయటికి పోవాలన్నా ఇప్పుడు కుదరదు. పచ్చ బొత్తాం నొక్కి కూర్చుంది.

బోర్డు మీద ఆమె పచ్చదీపం ఒక్కటే కాసేపు వెలిగింది. తర్వాత బావగారి కుర్చీ ఎర్రగా వెలిగింది. ఆయన జీవితంలో తండ్రి మాట దాటి ఎరగరు. వెంటనే తోడికోడలిదీ ఎరుపే. “ఏమనుకోకు చెల్లీ,” అని గొణిగింది ఆవిడ. “నువ్వెళ్తే ఇంటెడు చాకిరీ నా ఒక్కదాని నెత్తిన పడుతుంది.”

నాలుగో దీపం పసుపు. అది ఎవరి కుర్చీదో చిన్నకోడలికి చూడకుండానే తెలిసింది. అతను ఇంకా బొత్తాల వైపే చూస్తున్నాడు.

చివర్న ఇంకో పచ్చదీపం వెలిగింది. అత్తగారు.

“ఏమే, చూసే నొక్కావా?” అన్నారు మామగారు పైనుంచి.

“కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాగా,” అంది ఆవిడ.

“రెండూ రెండూ!” అంది గైడు హుషారుగా. “ఇలా సమానంగా వస్తే స్పీకరుగారి ఓటే తేలుస్తుంది. ఇక్కడొక ఆనవాయితీ ఉంది సార్. సమానంగా వచ్చినప్పుడు స్పీకరు ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలి. కొత్తది తేవాలంటే సభకే మెజారిటీ రావాలి, తనొక్కడి ఓటుతో మార్చకూడదని.”

మామగారు కోడలి వైపు చూశారు. ఆటలోంచి బయటికొచ్చి మనిషిని మనిషి చూసే చూపు అది. ఒక్క క్షణం ఆయన ఏదో అడగబోతారనుకుంది ఆమె. ఎన్నాళ్ళనుంచమ్మా, ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే చాలు, అన్నీ చెప్పేసేది. ఆయన చూపు తిప్పుకున్నారు.

“రూలు రూలే,” అన్నారు. “ఉన్నది ఉన్నట్టే.” సుత్తి కొట్టారు. బావగారు చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోయేసరికి చేతులు దులుపుకున్నట్టు నటించారు. పాప తలుపులు తెరిచింది.

బయటికొచ్చాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. డబ్బాలు విప్పి భోజనాలు చేశారు. ఉప్పు తక్కువైందన్నారు, ఎండ ఎక్కువైందన్నారు. చిన్నకోడలు అందరికీ వడ్డించి, చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి పోయి అక్కడే నిలబడిపోయింది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వెనకనుంచి ఎవరో కుళాయి కట్టేశారు. అత్తగారు.

“నిన్ను చూసే నొక్కాను పచ్చది,” అంది ఆవిడ.

“ఎందుకత్తయ్యా?”

అత్తగారు గట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. “మీ గదిలోంచి రోజుకెన్నిసార్లు నడుస్తానో నాకు తెలీదనుకున్నావా? నీ మొహం చూడలేక గోడ చూసుకుంటూ పోతా. నీకు ఆ దారైనా ఉంది. నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ హాలే గది. వచ్చేపోయేవాళ్ళ మధ్య పడుకుని, వచ్చేపోయేవాళ్ళ మధ్య లేచా. ఒక్కపూట తలుపేసుకుని కూర్చున్నది లేదు.”

చిన్నకోడలికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి తనతో ఉప్పూ పప్పూ తప్ప ఇంకో సంగతి మాట్లాడలేదు. వంగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“అందుకని,” అంది అత్తగారు ఆ చేతిని గట్టిగా పట్టుకుని, “నన్ను కూడా తీసుకుపో. రెండు గదులున్నాయన్నావుగా. ఒకటి నాకియ్యి.”

చిన్నకోడలు ఆ చెయ్యి వదలనూ లేకపోయింది, పట్టుకోనూ లేకపోయింది. తన పక్షాన ఉన్నది ఈవిడ ఒక్కతే. తలుపు తెరిచింది కూడా ఈవిడే. తెరిచి, ఆ గుమ్మంలోనే నిలబడింది. కాదంటే ఇక ఎవరున్నారు? అవునంటే ఇంట్లోంచి బయటికి పోయేదేముంది, ఇల్లే వెంటొస్తుంటే?

“అలాగే అత్తయ్యా,” అంది.

తిరుగు బస్సులో భర్త ఆమె పక్కన కూర్చున్నాడు. “పసుపంటే కాదని కాదు కదా,” అన్నాడు.

“తెలుసు.”

“నాన్న ముందు ఎలా...”

“ఎక్కడో లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే తినే అన్నం వదిలేసి పరిగెడతారు మీరు,” అంది ఆమె కిటికీలోంచి చూస్తూ. “వాళ్ళు మీకేమవుతారు? నేనేమవుతాను?”

బస్సు కదిలినంతసేపూ అతని భుజం ఆమె భుజానికి తగులుతూనే ఉంది. సీటు ఇరుకు. జరగడానికి చోటు లేదు.

ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు అన్నం కలుపుతూ మామూలుగా, “చిన్నదానితో నేను కూడా ఆ ఊరెళ్తున్నా. కొన్నాళ్ళుండి వస్తా,” అంది.

“సభలో తేలిపోయిందిగా,” అన్నారు మామగారు.

“మీ సభ పార్కులోనే అయిపోయింది. ఇక్కడ సుత్తి లేదు, గరిటుంది. అది నా చేతిలో ఉంది.”

ఆయన పెద్దకొడుకు వైపు చూశారు, చిన్నకొడుకు వైపు చూశారు. ఇద్దరూ కంచాల్లోకి చూస్తున్నారు. ఆయన లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. ఆవిణ్ణి వెళ్ళమనలేదు, వద్దనీ అనలేదు.

సోమవారం చిన్నకోడలు యజమానికి వస్తానని చెప్పింది. వారం తిరక్కముందే అత్తాకోడళ్ళు కొత్త ఊరు చేరారు. పరీక్షలయ్యాక పాపను తీసుకుని, పని మార్చుకుని తానూ వచ్చేస్తానని భర్త మాటిచ్చాడు. పాప బస్టాండులో ఏడవలేదు. తల్లి ముద్దు పెట్టబోతే బుగ్గ పక్కకి తిప్పుకుంది. దారి పొడుగునా చిన్నకోడలు ఆ బుగ్గనే తలుచుకుంది.

కొత్త ఇంట్లో అత్తగారు లోపలి గది తలుపేసుకుని మూడు రోజులు హాయిగా నిద్రపోయింది. నాలుగో రోజునుంచి మామగారి ఫోన్లు మొదలయ్యాయి. చక్కెర డబ్బా ఎక్కడుంది, నా మాత్రలు ఏవి ముందు, ఏవి వెనక? అత్తగారు విసుక్కుంటూనే జవాబు చెప్పేది. నెల తిరిగేలోపు ఆయన చేతిసంచీతో దిగారు. “ఊరికే చూసిపోదామని,” అన్నారు. ముందు గదిలో మంచం వేయించుకున్నారు. చూడటం అయిపోయినట్టు ఆయనకు ఎప్పటికీ అనిపించలేదు. పరీక్షలయ్యాక భర్త మాట తప్పకుండా పాపను తీసుకుని వచ్చేశాడు. రెండు గదుల్లో అయిదుగురయ్యారు.

అక్కడ పాత ఇంట్లో బావగారూ తోడికోడలూ మిగిలారు. వేరుకాపురం వద్దని ఎర్ర బొత్తాం నొక్కినవాళ్ళకే గుమ్మం దాటకుండా వేరుకాపురం వచ్చిపడింది. అప్పుడప్పుడూ తోడికోడలు ఫోన్ చేసి, “ఇల్లు బోసిపోయింది చెల్లీ,” అంటుంది. ఆ గొంతులో అంత తీరుబడి చిన్నకోడలు ఎన్నడూ వినలేదు.

కింద ల్యాబులో మాత్రం పని బాగా సాగుతోంది. పంపిన సెట్టు పంపినట్టే డాక్టర్లు తీసుకుంటున్నారు. అరగదీసే మిషను ఆన్ చేస్తే పైన ఎవరు పిలిచినా వినపడదు. మొన్న యజమాని వచ్చి లెక్కలన్నీ చూసుకుని, మొహమాటపడుతూ, “అమ్మా, పని పెరిగింది. ఆదివారాలు కూడా ఒక పూట...” అన్నాడు.

ఆయన మాట పూర్తవకముందే ఆమె, “రెండు పూటలూ వస్తానండీ,” అంది.